బెత్తెడులో అరవేలు

మొంబాసా దారి సగమయ్యే చోట,
మ్టిటో అండేయిలో,
మా మామయ్య న్జూకి లారీల కమాను పట్టీలు వంచుతాడు.
న్జూకి అంటే మా కంబా మాటలో తేనెటీగ.
కుట్టడం ఆయనకి రాదు.
పై వరసలో ఒక పన్ను లేదు.
దాన్ని పట్టుకుపోయింది ఒక పట్టీ,
బోల్టు తెగి,
నిద్రలోంచి ఉలిక్కిపడ్డట్టు లేచి.

అప్పట్నుంచి కట్టు విప్పేటప్పుడు ఎదురుగా నిలబడడు.
తన్నే ఆవు దగ్గర పాలు పితికేవాడిలా
పక్కకి ఒదిగి గొంతుక్కూర్చుంటాడు.
"లారీ వెళ్ళిపోయినా
దాని బరువు ఇందులోనే ఉందమ్మా" అంటాడు.

నా పని సుద్ద.
చట్రం మీద ఒక గీత, ఇరుసు మీద ఒక గీత.
యాభై సిమెంటు బస్తాలెక్కితే ఒక వేలు దిగుతుంది,
వందకి రెండు, నూట యాభైకి మూడు.
సంతలో పెరిగినదాన్ని,
ఇనుము ఇంత నిక్కచ్చిగా ఉంటుందంటే
మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.
మా అమ్మ తక్కెడకే అంత నీతి లేదు.

లోపల దాచుకునే లెక్క మాత్రం వేరు.
మొదటి వేలికి ఒక పాలు ఖర్చయితే
రెండో వేలికి మూడు,
మూడోదానికి అయిదు,
నాలుగోదానికి ఏడు.
బెత్తెడు దిగేసరికి లోపల పదహారు పాళ్ళు,
పైకి కనబడేవి నాలుగు వేళ్ళే.
నాకిది నల్లబల్ల మీద కవాతా టీచరు చెప్పింది.
మామయ్యకి పన్ను చెప్పింది.

ఆదివారం పూట ఫాకీ వచ్చాడు,
ఊళ్ళో కొట్టుకి రెండువందల బస్తాలతో.
దిగుతూనే, "ఇంకో రెండు పట్టీలు వేసెయ్ న్జూకీ,
ఇది వంగకూడదు."
మామయ్య టీ గ్లాసు కింద పెట్టలేదు.
"వంగనిది ఏం దాచుకుంటుంది?
గుంట వచ్చి తలుపు కొడితే
లోపలికి పిలిచి కాసేపు కూచోబెట్టేవాళ్ళు ఉండాలి.
లేకపోతే తిన్నగా నీ నడుముకే వస్తుంది."
ఫాకీ నవ్వాడు.
నడుం మీద చెయ్యేసుకునే నవ్వాడు.

బస్తాలు దింపుతున్నారు.
కూలీల కనుబొమల మీద బూడిద.
ఒక్కో బస్తాకీ లారీ కిర్రుమంటూ,
కూచున్న ఒంటె లేచినట్టు, వెనకనుంచి లేస్తోంది.
ఒక వేలు. రెండు. మూడు.
చివరి బస్తా దిగింది.
నేను కొలిచాను. మళ్ళీ కొలిచాను.
బెత్తెడు దిగింది, బెత్తెడు లేవలేదు.
అరవేలు తక్కువ.

"మామయ్యా, ఆ అరవేలేది?"
ఆయన వోయి వైపు చూశాడు,
ఎర్రదుమ్ము, ఏనుగులు దాటే చోటు, అవతల కొండ.
"అక్కడెక్కడో పడి ఉంటుంది" అన్నాడు.
తర్వాత ఫాకీ వైపు తిరిగి, మెల్లగా,
"వోయిలో ఇంకేం ఎక్కించావు?"
ఫాకీ తన చెప్పులు చూసుకున్నాడు.
ఇనప చువ్వలట. బావమరిది ఇంటికట.
కాసినేనట.

సాయంత్రం కొలిమి రాజేశాం.
పట్టీ ఎర్రబడ్డాక దానికేదీ గుర్తుండదు,
చువ్వలూ, గుంటలూ, బావమరదీ.
సమ్మెటతో వంపు తెచ్చి
పాత ఇంజను నూనెలో ముంచితే
కసిగా పొగ చిమ్మింది.
అప్పుడది గాజంత గట్టి, గాజంత పిరికి.
మళ్ళీ సన్నసెగ మీద పెట్టి
బుజ్జగిస్తూ కూచోవాలి,
గినీకోడి మెడ నీలం తేలేదాకా.
ఆ నీలం కోసం మామయ్య దీపం ఆర్పేస్తాడు,
మాట ఆపేస్తాడు.

తెల్లారేసరికి బిగించేశాం.
పట్టీలు ఎన్నుండేవో అన్నే.
మళ్ళీ కొత్త గీతలు గియ్యాలి.
ముంబువా అంటే వానలో పుట్టింది అని.
వాన పేరున్నదాన్ని,
సుద్ద మీద నాకు నమ్మకం తక్కువ.
మేకు తీసుకుని పట్టీ మీదికి వంగానో లేదో
మామయ్య మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఇరుసు మీద గీసుకో, చట్రం మీద గీసుకో.
దీని మీద వద్దు.
ఎంత బరువైనా మోస్తుంది గానీ,
గీత పడ్డచోటే తెగుతుంది."